రెండు డబ్బాల బిళ్లలు

మింగింది మందో కాదో మింగినవాళ్ల ఒంటికే తెలిసిపోతుందని లోకమంతా నమ్ముతుంది. చదువు లేనివాళ్లు ఆ మాటను తిన్నగా అంటారు. చదువుకున్నవాళ్లు నాలుగు పెద్ద పదాలు చేర్చి అదే అంటారు. ఈ ఇంట్లో ఆ నమ్మకాన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్న ఇద్దరు స్త్రీలు ఆ మధ్యాహ్నం గుడ్డలు కత్తిరించే బల్లకు చెరో పక్కన కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉన్నారు.

బల్ల అత్తగారిది. వీధిగదిలో కుట్టుమిషను పెట్టుకుని, పరదాలూ చొక్కాలూ కుట్టి ఒక్కగానొక్క కొడుకును పెంచిన మనిషి. ఎదురుగా ఉన్నది కోడలి తల్లి. పేరుకు రెండు వీధుల అవతల ఇల్లున్నా ఆవిడ పొద్దంతా ఇక్కడే గడుపుతుంది. ఆవిడ మెడ మీదా మోచేతుల మీదా ఎర్రటి దద్దుర్లు లేచి ఉన్నాయి. కూతురు ఇప్పుడే ఆవిడను చర్మాల డాక్టరుకు చూపించి తీసుకొచ్చింది.

కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది. భుజాన ఉన్న సంచీ కూడా దించలేదు.

"ఇంకొక్కసారి చెప్పమ్మా. డాక్టరుతో ఏమన్నావో అత్తయ్య కూడా వినాలి."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావే? ఏం మందులు వాడుతున్నారని అడిగాడు. మోకాళ్ల బిళ్లలన్నాను. మీవేనా అన్నాడు. సగం నావి, సగం మా వదినగారివి అన్నాను. డాక్టరు దగ్గర అబద్ధమాడకూడదని చిన్నప్పటి నుంచీ మీకు నేర్పింది నేనే కదా!"

"సగం నీవి, సగం అత్తయ్యవి."

"రెండోసారి అంటే మారిపోతుందా ఆ మాట?"

కోడలు సంచీ దించి నేల మీద పెట్టింది. పెట్టిన తీరు విసిరినట్టే ఉంది.

కోడలిది ఆరోగ్య పరిశోధన సంస్థలో గణాంక నిపుణురాలి ఉద్యోగం. మోకాళ్ల నొప్పులకు తయారైన ఒక కొత్త బిళ్ల నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఊళ్లోని కొన్ని క్లినిక్కుల్లో పరీక్ష జరుగుతోంది. దాని ప్రణాళిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసింది ఆవిడే. చేరినవాళ్లలో సగం మందికి మందున్న బిళ్ల ఇస్తారు. మిగతా సగానికి రంగులోనూ రుచిలోనూ అచ్చం అలాగే ఉండే ఉత్తి పిండిబిళ్ల ఇస్తారు. ఎవరికి ఏది అన్నది కంప్యూటరు చీటీ వేసి తేలుస్తుంది. ఆ గుట్టు రోగికి తెలియదు, చూసే డాక్టరుకు తెలియదు, లెక్క కట్టవలసిన కోడలికీ తెలియదు.

వియ్యపురాళ్లిద్దరూ వీధి చివరి క్లినిక్కులో తమంతట తామే పేర్లిచ్చి చేరారు. ఆ సంగతి కోడలు పైవాళ్లకు వెంటనే చెప్పింది. వాళ్లకు ఏది పడిందో నీకు తెలియనంత కాలం అభ్యంతరం లేదన్నారు. జరగడానికి వీలున్న పొరపాట్లన్నీ ముందే ఊహించి రాసిన ఆ ప్రణాళికలో గుడ్డలు కత్తిరించే బల్ల ప్రసక్తి మాత్రం ఎక్కడా లేదు.

"ఎలా కలిపారు?" అంది కోడలు.

ఆ ప్రశ్న అత్తగారికి నచ్చింది. పనితనం గురించి అడిగితే ఆవిడ ఎప్పుడూ దాచుకోదు.

"ఇదుగో, ఈ బల్ల మీదే. నెలనెలా డబ్బాలు రాగానే రెండూ తెల్లగుడ్డ మీద గుమ్మరించేదాన్ని. చేత్తో బాగా కలిపి, ఒకటి ఆవిడకి, ఒకటి నాకు, ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. ఒక్క బిళ్ల అటు పోలేదు, ఇటు పోలేదు. నా కత్తిరింపులో గీత తప్పుతుందేమో గానీ, పంపకంలో తప్పలేదు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి నెల ఎవరివి వాళ్లమే మింగాం. ఆ తర్వాత నుంచి."

"ఎందుకత్తయ్యా? ఎందుకు?"

"ఎందుకేంటి, నువ్వు చెప్పిందాన్ని బట్టే. సగం మందికి అసలుది, సగం మందికి ఉత్తిది అని నువ్వే కదమ్మా అన్నావు! మేమిద్దరం. ఇద్దరిలో సగం ఎంత?"



"ఒకరు," అంది తల్లి, కూతురికి అందిస్తున్నట్టు.

"ఒకరికి అసలుది పడింది, ఒకరికి పడలేదు. ఎవరికన్నది తెలీదు. ఒకళ్లు మంచం పట్టి మూలుగుతుంటే ఒకళ్లు చకచకా తిరుగుతుంటే వియ్యపురాళ్ల మధ్య ఏం బాగుంటుంది? అందుకని సగం సగం చేశాను. ఇందులో నీకు కనిపించిన తప్పేంటో చెప్పు."

అత్తగారి మొహంలో దొంగతనం లేదు. న్యాయం చేశానన్న తృప్తి ఉంది. కోడలిని అన్నిటికంటే విసిగించింది ఆ తృప్తే. తప్పు చేసినవాళ్ల మీద అరవచ్చు. ధర్మం చేసినవాళ్ల మీద ఏమని అరుస్తారు?

"అత్తయ్యా, వినండి. చేరిన వందలమందిలో ఇంచుమించు సగం అన్నాను. మీ ఇద్దరిలో ఒకరని అనలేదు. మీకు చీటీ వేసేటప్పుడు అమ్మకు ఏం పడిందో ఆ కంప్యూటరు చూడదు. ఇద్దరికీ అసలుదే పడి ఉండొచ్చు. ఇద్దరికీ ఉత్తిదే పడి ఉండొచ్చు."

"సగమంటే సగమే. గజం గుడ్డలో సగం అర గజం. ఎవరు కొలిచినా అంతే."

"ఇది గుడ్డ కాదు! అమ్మా, నువ్వు చెప్పు. పుట్టే పిల్లల్లో సగం మంది మగ, సగం మంది ఆడ. అవునా? మరి మనింట్లో ఎంతమందిమి పుట్టాం? ముగ్గురం. ముగ్గురిలో మగపిల్లాడు ఎక్కడ?"

తల్లి మొహం ముడుచుకుంది. "అది నా రాత. ఇది మందు. రెంటికీ పోలికా? పెద్దదాన్ని పట్టుకుని ఆ మాటెందుకు ఎత్తుతావే?"

"ఎత్తక చస్తానా? నెత్తీ నోరూ బాదుకున్నా అర్థం కాకపోతే!"

"నాకెందుకు అర్థం కాదు? ఉత్తి పిండయితే ఈ దద్దుర్లెక్కడివి? ఒంట్లోకి మందు పోబట్టే కదా ఒళ్లంతా మండింది! నా డబ్బాలో ఉన్నది అసలు మందే. నాకు మొదటి నెలలోనే తెలిసింది. మింగిన పూటల్లా గుండెల్లో అదోలా ఉండేది."

అత్తగారు కుర్చీ కాస్త ముందుకు జరుపుకుంది.

"గుండెల్లో మీకు పెళ్లినాటి నుంచీ అదోలానే ఉంటుంది వదినగారూ, మీరే చెబుతుంటారు. అసలు మందు మీదయితే తగ్గాల్సింది మీ మోకాళ్లు. తగ్గినవి నావి. మొదటి నెలలోనే తగ్గడం మొదలెట్టాయి, ఇంకా కలపకముందే. దాన్నేమంటారు?"

"తగ్గవూ మరి! తర్వాతంతా నా డబ్బాలోవి మింగారు కదా. మీ మోకాళ్లు ఇవాళ నడుస్తున్నాయంటే నా మందుతోనే నడుస్తున్నాయి. ఆ పిండంతా నేను తిన్నాను."

"మాట జారుతున్నారు."

"ఉన్నమాటంటే జారినట్టా?"

"నా మందు మీకు సగం ధారపోసి, పైన ఈ మాటలూ పడాలా? అమ్మాయ్, విన్నావా మీ అమ్మని?"

అమ్మాయి వినలేదు. కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తోంది.

కొడుకు వచ్చింది ఆ సమయానికే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. చొక్కా చేతులకు గ్రీజు మరకలతో, చేతిలో పనిముట్ల పెట్టెతో గుమ్మంలో ఆగి ముగ్గురినీ చూశాడు. భార్య నాలుగు ముక్కల్లో జరిగింది చెప్పింది. అతను నవ్వాడు. భార్య నవ్వలేదని గమనించి మానేశాడు.

"అయినా అమ్మా, నీ మోకాళ్లు తగ్గింది బిళ్లల వల్లేనని ఎలా చెబుతావు? నువ్వు తొక్కుడు మిషను మీద ఒగురుస్తున్నావని నేను దానికి మోటారు బిగించింది కూడా సరిగ్గా ఆ నెలలోనే కదా."

"మోటారు బిగించింది మిషనుకిరా. నా మోకాలికి కాదు."

"రోజంతా కాలితో తొక్కేదానివి. ఇప్పుడు తొక్కట్లేదు."

"చూశారా వదినగారూ, కన్నకొడుకు! మందుకైనా గొప్ప ఇస్తాడు, మోటారుకైనా ఇస్తాడు, తల్లి ఓర్పుకి మాత్రం ఇవ్వడు."

కోడలు కిటికీ దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. "ఆయన చెప్పింది నిజమే అత్తయ్యా. పైగా, మీరు క్లినిక్కులో చేరింది నొప్పి భరించలేనంత పెరిగిన రోజుల్లో. ఎవరైనా అప్పుడే కదా వస్తారు! అంత పైకి పోయిన నొప్పి ఏమీ చేయకపోయినా కొన్నాళ్లకు కాస్త కిందికి దిగుతుంది. అందుకే ఉత్తి బిళ్లల గుంపు ఒకటి పక్కన పెట్టుకుంటాం. తనంతట తను తగ్గేది ఎంతో, మోటారులాంటి వాటి వల్ల తగ్గేది ఎంతో, ఆ గుంపులోనూ అంతే తగ్గుతుంది. అంతకు మించి అసలు మందు మింగిన గుంపులో ఏమైనా తగ్గితే, అది మందు. రెండు గుంపుల్నీ మీరు ఈ బల్ల మీద ఒకటి చేసేశారు."

"రెండు డబ్బాల్ని చేశాను. గుంపుల్ని నేనేం చేశాను?"

"మీ ఇద్దరితో పోయేదయితే ఫరవాలేదు, ఇంకెవరికైనా ఇదే తోచి ఉంటే..."

"అదే నేనూ అన్నాను," అంది తల్లి, కూతురు తన పక్షానికి వచ్చిందనుకుని. "మన మటుకు మనం మార్చుకుంటే చాలు, ఆ బెంచీ మీద వాళ్లందరికీ చెప్పడం ఎందుకు వదినగారూ అని నేను..."

అత్తగారు బల్ల కింద నుంచి ఆవిడ కాలు తన్నింది. ఆలస్యమైంది.



"ఏ బెంచీ?" అంది కోడలు.

అత్తగారు లేచి మిషను దగ్గరకు వెళ్లి కూర్చుంది. సగం కుట్టిన పరదా సూది కింద సర్దింది.

"అత్తయ్యా. ఏ బెంచీ?"

"గురువారాలు క్లినిక్కు బయట మోకాళ్లవాళ్లం కూర్చునే బెంచీ. ఇంకెన్ని బెంచీలున్నాయి? పాపం, అందరూ అదే బాధ. నాకు పడిందో లేదో, నాకు పడిందో లేదో అని. జతలు జతలుగా కూడితే ఎవరికీ అన్యాయం జరగదన్నాను. కొందరు బాగుందన్నారు. కొందరు ఏమీ అనలేదు."

"ఎంతమంది బాగుందన్నారు?"

మిషను మోటారు మోగడం మొదలైంది. పరదా అంచు పొడవునా కుట్టు పరిగెత్తింది. ఆ మోత ఆగేదాకా కోడలు నిలబడే ఉంది. మోత ఆగలేదు.

*

వంటింట్లో భర్త చేతులు కడుక్కుంటున్నాడు. గ్రీజు ఎంతకీ వదలదు. ఆ సాకుతో అతను ఇంకోసారి సబ్బు రుద్దాడు.

"చెప్పక తప్పదా?" అన్నాడు చివరికి.

"దేనికి తప్పదో నీకు తెలియదా?"

"అడుగుతున్నాను. మీ అమ్మగారు బిళ్లలు మానేస్తారు. దద్దుర్లు తగ్గిపోతాయి. మా అమ్మ నోరు నేను మూయిస్తాను. బెంచీ మీదవాళ్లు తమంతట తాము వచ్చి చెప్పరు. ఎవరికి నష్టం?"

"లెక్కకు."

"లెక్కకు నొప్పుంటుందా?"

ఆవిడ గిన్నె అల్మారాలో పెట్టి తలుపు వేసింది. అది తిరిగి తెరుచుకుంది. మళ్లీ వేసింది.

"నువ్వు బాగుచేసిన లిఫ్టుల్లో తాళ్లు కొత్తవి వేసినవి కొన్ని, పాతవే ఉంచినవి కొన్ని ఉన్నాయనుకో. కొత్త తాడు మంచిదో కాదో చూడాలని కంపెనీ అడిగింది. నీ కుర్రవాళ్లు జాలిపడి అన్ని లిఫ్టులకూ సగం కొత్త తాడు, సగం పాత తాడు ముడేసి బిగించారు. ఇప్పుడు ఏం రాసిస్తావు?"

"ముందు ఆ కుర్రవాళ్లని తంతాను."

"తన్నాక?"

అతను తువ్వాలు తీసుకున్నాడు. "రెండూ ఒకేలా పనిచేస్తున్నాయని రాయాల్సొస్తుంది."

"మందు మంచిదే అయినా పనికిరాదని రాసి మూసేస్తాం. రేపు మా అమ్మలాంటివాళ్లకు దొరకాల్సింది దొరకదు. ఆ రాత కింద సంతకం నాది ఉంటుంది."

"సరే, చెప్పావు. తర్వాత? నిన్ను ఏం చేస్తారు?"

ఆవిడ అల్మారా తలుపును ఇంకోసారి నొక్కింది.

"అడుగుతున్నాను. తుది లెక్క నువ్వే కట్టాలి కదా. ఇన్నేళ్లు ఆ ఒక్క దాని కోసమే కదా ఇంట్లో ఎవరు పిలిచినా పలకకుండా తిరిగావు. అది నీ దగ్గరుంచుతారా, తీసేస్తారా?"

"ఒక్క రోగి గుట్టు తెలిసినా సరే, ఆ మనిషి తుది లెక్కలో వేలు పెట్టకూడదని నియమం ఉంది. చర్మాల డాక్టరు మందేదో తెలియాలంటున్నాడు. బిళ్లలు కలిసిపోయాయి కాబట్టి రెండు డబ్బాల గుట్టూ విప్పాలి. విప్పితే ఇంట్లో నాకు తెలియకుండా ఎలా ఉంటుంది?"

"ఆ నియమం ఎవడు రాశాడు? బుద్ధుందా వాడికి?"

"నేనే రాశాను."

భర్త తువ్వాలు భుజాన వేసుకుని వీధిగదిలోకి వెళ్లిపోయాడు. అక్కడ తల్లీ అత్తా ఇంకా మాట్లాడుకోవడం లేదని కోడలికి వంటింట్లోంచే తెలుస్తోంది. మిషను మోత ఆగిపోయి ఉంది. కాసేపటికి తల్లి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

"చెబితే చెప్పు గానీ, నా పేరు ఎత్తకే. మీ అత్తగారే చేయించిందని చెప్పు."

వెనక నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "నా పేరు చెప్పుకో అమ్మాయ్, నాకేం భయం లేదు. దద్దుర్లు తెచ్చుకుని డాక్టరు దగ్గర వాగింది మాత్రం ఎవరో అది కూడా చెప్పు."

*

పెద్ద డాక్టరు ఈ పరీక్ష మొత్తానికి బాధ్యుడు. మెత్తటి మనిషి. కోపం వస్తే కళ్లజోడు తీసి తుడుచుకుంటాడు. మర్నాడు ఉదయం కోడలు చెబుతున్నంతసేపూ తుడుస్తూనే ఉన్నాడు.

"మందు ఇతరులకు ఇవ్వకూడదని సంతకం చేసే కాగితంలో రాశాం కదమ్మా."

"రాశాం సార్. మేం ఇవ్వలేదు, మార్చుకున్నాం అంటున్నారు మా అత్తయ్య."

"చదివారా ఆవిడ అసలు?"

"మనకంటే బాగా చదివారు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, మళ్లీ తీశాడు. "పోనీ, ఇలా చూద్దాం. చీటీలో ఎవరికి ఏ గుంపు పడిందో దాని ప్రకారమే లెక్క కడతామని మీరే రాశారు. మింగారా, మానేశారా, పారేశారా అన్నదాన్ని బట్టి మనుషుల్ని గుంపులు మార్చం. అలాంటప్పుడు కొందరు పంచుకున్నా పెద్దగా..."

"ఆ నియమం మనం మోసపోకుండా ఉండటానికి సార్. మందు మానేసినవాళ్లను మనకు నచ్చిన గుంపులోకి తోసేస్తే ఏ మందయినా మంచిదని చూపించొచ్చు. అది ఆపడానికి రాశాను. రెండు గుంపులూ ఒకే కలగూర మింగితే నన్నేం చేయమంటారు? కాగితం మీద రెండు గుంపులుంటాయి, కడుపులో ఒకటే ఉంటుంది."

"ఎంతమంది?"

"తెలీదు. అడిగి తెలుసుకోవాలి. అడిగినా తప్పు చేశామనుకునేవాళ్లు తక్కువ చెబుతారు. మా అత్తయ్యలాంటివాళ్లయితే ఎక్కువ చెబుతారు."

 ఫ్యాను గాలికి కాగితాలు లేవకుండా ఆయన వాటి మీద పెట్టిన రాయి ఒకటి ఉంది. దాన్ని అటూ ఇటూ దొర్లించాడు.

"చర్మాల డాక్టరు పొద్దున ఫోన్ చేశాడు. గుట్టు విప్పక తప్పదు. వాళ్లిద్దరినీ పిలిపించాను, బయట ఉన్నారు. కానీ మీరు గదిలో ఉండకండి. మీ నియమం గుట్టు తెలిసినవాళ్ల గురించి. తెలియనివాళ్ల గురించి కాదు. మీకు తెలియనంత వరకూ తుది లెక్క మీదే. ఇది మీరు తప్ప ఇంకెవరూ సరిగా చేయలేరని నాకు తెలుసు."

"ఇంటికెళ్లాక సార్?"

"వాళ్లకు నేను చెబుతాను కదా. నోరు విప్పకూడదని గట్టిగా చెబుతాను."

కోడలు ఆయన వంక జాలిగా చూసింది. అయినా లేచి వెళ్లింది. ఆశ ఉన్నప్పుడు మనిషి తనకు తెలిసిన మనుషుల గురించి తనకు తెలిసినదంతా కాసేపు మరిచిపోవడానికి సిద్ధపడుతుంది.

వసారాలో వియ్యపురాళ్లు ఒకే బెంచీకి రెండు చివర్లా కూర్చుని ఉన్నారు. మధ్యలో ఇద్దరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. కోడలు ఇద్దరి ముందూ నిలబడింది.

"లోపల మీకు ఏది పడిందో చెబుతారు. నాకు చెప్పొద్దు. ఇవాళ కాదు, రేపు కాదు, పోట్లాటలో కూడా కాదు. నాకు తెలిస్తే ఈ పని నా చేతిలో ఉండదు. అర్థమైందా?"

"నా కూతురి ఉద్యోగం," అంది తల్లి. "నేను నోరు జారుతానా?"

"నాకు చెప్పక్కర్లేదు," అంది అత్తగారు. "మీ అమ్మకి మాత్రం ఇంకోసారి చెప్పు."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. తలుపు మూసుకుంది. కోడలు ఖాళీ అయిన బెంచీ మధ్యలో కూర్చుంది. తర్వాత లేచి వసారా అవతలి చివరకు నడిచింది. మళ్లీ తిరిగి వచ్చింది.

లోపల పెద్ద డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టాడు. గుట్టు విప్పే ముందు ప్రతి రోగినీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అడిగాడు.

"మీకు ఏ బిళ్ల పడిందని మీరు అనుకుంటున్నారు? ముందు మీరు చెప్పండమ్మా."

"అసలుదే," అంది అత్తగారు. "మొదటి నెలలోనే తెలిసింది. బిళ్ల నాలుక మీద పెట్టగానే తెలిసేది."

"మీరు?"

"నాదే అసలుది. ఇదుగో, చేతులు చూడండి. పిండి చేసే పనా ఇది?"

"సందేహం ఏమైనా ఉందా?"

ఇద్దరూ లేదన్నారు. అంతవరకూ ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు అప్పుడు మొదటిసారి చూసుకున్నారు. పెద్ద డాక్టరు రెండు జవాబులూ రాసుకున్నాడు. చీటీల గుట్టు ఉన్నది వేరే భవనంలోని ఫార్మసిస్టు ఒక్కడి దగ్గరే. డాక్టరు అతనికి ఫోన్ చేసి, రెండు డబ్బాల నంబర్లూ చదివి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని విన్నాడు. మళ్లీ చూడమని అడిగాడు. రెండోసారీ విన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

"నేను చెప్పేది ఈ గది దాటకూడదు," అన్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

వసారాలో కోడలు గోడకు అతికించిన కాగితం చదువుతోంది. చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు వేసి ఉన్నాయి. తలుపు పలచటిది. దాని వెనక నుంచి తల్లి గొంతు వసారా అంతటా వినబడింది.

"రెండూ ఉత్తివే అంటారేంటి! ఇద్దరివీనా?"

"అరవకండి వదినగారూ, అమ్మాయి వింటుంది!" అన్న అత్తగారి గొంతు అంతకంటే పెద్దగా వినబడింది.

పెద్ద డాక్టరు తలుపు తీశాడు. కోడలు కాగితం వైపే తిరిగి ఉంది. 

ఆ వారం నమోదైనవి ఇవి. ఇద్దరికీ మొదటి నెల నుంచి చివరి నెల దాకా అందింది మందు లేని బిళ్ల. దద్దుర్లకు కారణం తేలలేదు. వాటంతట అవి తగ్గాయి. సంగతి తెలిశాక నొప్పి పదికి ఎంతో చెప్పమంటే అత్తగారు తనది అంతకుముందు నెలలాగే మూడని చెప్పింది, వియ్యపురాలు అంతకుముందు నెలలాగే ఏడని చెప్పింది. గురువారం బెంచీ మీద కూర్చునేవాళ్లలో ముప్ఫై ఒక్క మందిని అడిగితే పంతొమ్మిది మంది బిళ్లలు కలుపుకున్నామన్నారు. తుది లెక్క కట్టే పని నుంచి కోడలిని తప్పించి, దాన్ని మరో ఊళ్లోని గణాంకవేత్తకు అప్పగించారు.